టైరు పైన నాలుగు వేళ్ళు

తెల్లవారితే మా చిన్నది ఈ పాత కారు వేసుకుని, దూరాన దొరికిన ఉద్యోగానికి ఒంటరిగా వెళ్ళాలి. ముందువైపు స్ప్రింగులు అరిగిపోయాయని మెకానిక్ ఇంటికే వచ్చి, రాత్రి ఎనిమిదింటికి కొత్తవి వేయడం ముగించాడు. జాకీ దించి, టైరుకీ పైన రేకుకీ మధ్య వేళ్ళు పెట్టి కొలిచాడు. అటువైపు నాలుగు వేళ్ళు పట్టాయి. డ్రైవరు వైపు రెండే.

"లోపలెవరైనా కూర్చున్నారా అమ్మా?"

"ఎవరూ లేరు నాయనా."

స్ప్రింగులు అటుదిటు మార్చి బిగించాడు. మళ్ళీ రెండే.

"మా అమ్మ దిగులంతా ఆ సీట్లో పెట్టేసిందన్నా!" అని చిన్నది నవ్వింది. మెకానిక్ నవ్వలేదు.

అది మా ఆయన సీటు. చివరిసారి ఆస్పత్రికి కూడా తానే నడుపుకుంటూ వెళ్ళారు. కారొక్కటే తిరిగొచ్చింది.

వాళ్ళిద్దరూ చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళగానే డ్రైవరు తలుపు తీశాను. సీటు ఖాళీగా ఉంది.

"ఏమండీ, దిగండి" అన్నాను మెల్లగా. "పిల్లని వెళ్ళనివ్వండి."

స్ప్రింగు కిర్రుమంది. కారు ముందుభాగం నెమ్మదిగా పైకి లేచింది. వేళ్ళు పెట్టి కొలిచాను. నాలుగు వేళ్ళు పట్టాయి.

ఊపిరి పీల్చుకుని తలుపు వేశాను.

"అమ్మా, తాళాలిలా ఇవ్వు" అంటూ చిన్నది వస్తోంది.

అప్పుడు మళ్ళీ కిర్రుమంది. ఈసారి వెనక సీటు వైపు కారు కుంగింది.