చలి ఎటు దిగుతుంది

"ఇవాళైనా పడుతుందా?"

ఫోనెత్తగానే వదిన అడిగే మాట ఇదే. మరిది వాతావరణ కార్యాలయంలో పనిచేస్తాడు. వారం నుంచీ పొద్దున్నే ముందు ఆమె ఫోను, ఆ తర్వాతే అతనికి కాఫీ.

"ఇంకా లేదు వదినా. కిటికీ తీసి చూడు, చినుకులే."

"చూశాను. చూసే అడుగుతున్నా."

ఊళ్ళో అందరూ ఈ మెత్తటి శీతాకాలాన్ని చూసి సంబరపడుతున్నారు. పక్కింటావిడ మఫ్లరు లేకుండా బజారుకెళ్ళి వస్తోంది. చలి రావాలని కోరుకుంటున్నది ఈమె ఒక్కతే. గట్టి చలి పడి నేల రాయిలా బిగిసిపోతే, భర్తని ఉంచిన చోట పనులన్నీ ఆగిపోతాయి. ఆయన్ని వసంతం దాకా అక్కడి గదిలోనే ఉంచుతారు. రోజూ వెళ్ళి చూసుకోవచ్చు. చలి రాకపోతే సోమవారం తీసుకెళ్ళిపోతారు. ఇక ఆ ముఖం కనిపించదు.

ఆశపెట్టింది మరిదే. ఆయన్ని ఆ గదికి చేర్చిన సాయంత్రం, ఆమెను ఊరుకోబెట్టలేక, తనకు తెలిసిన సంగతి చెప్పాడు.

"ధ్రువం మీద, బాగా ఎత్తున, ఒక గాలిసుడి తిరుగుతూ ఉంటుంది వదినా. బొంగరం అనుకో. జోరుగా తిరిగినంతసేపూ చలిని లోపలే కట్టిపడేస్తుంది. పదిరోజుల కిందట అక్కడ ఉన్నట్టుండి వేడెక్కింది. బొంగరం ఊగిపోతోంది. ఇక చలి కిందికి జారుతుంది."

"పైన వేడెక్కితే కింద చలా? నీ చదువు తగలెయ్య!"

"అంతే మరి. కాకపోతే పైన జరిగింది మన దాకా దిగడానికి రెండు మూడు వారాలు పడుతుంది. సగం గడిచిపోయాయి."

"తప్పకుండా దిగుతుందా?"

"చాలాసార్లు దిగుతుంది."

ఆమె చెవికి 'దిగుతుంది' ఒక్కటే చేరింది.

కూతురికి ఈ ఎదురుచూపు నచ్చలేదు. శనివారం ట్రామ్‌లో పక్కనే కూచుని గొణిగింది.

"పంపించేద్దామమ్మా. ఎన్నాళ్ళు పొడిగిస్తే అన్నాళ్ళూ నీకే కష్టం."

"మీ నాన్నని పంపెయ్యడానికి అంత తొందరేంటే?"

"తొందర కాదు. నిన్నిలా చూళ్ళేకపోతున్నా."

"చూడకు. అటు తిరిగి కూచో."

ఆ గదిలో హీటరు లేదు. గోడకి పైన ఎక్కడో ఒక చిన్న కిటికీ. ఆమె కోటు విప్పకుండానే ఆయన పక్కన స్టూలు లాక్కుని కూచుంది. దుప్పటి అంచు సరిచేసింది.

"వంటింట్లో పంపు మళ్ళీ కారుతోంది. వాషరు మార్చినా ఆగలేదు. మీ తమ్ముడు బొంగరం కథలు చెబుతున్నాడు. చిన్నప్పుడు అతని బొంగరం కాజేసింది మీరేనటగా?"

మాటకారి కాదు ఆయన. ట్రామ్ నడిపిన రోజుల్లోనూ అంతే. పొద్దున్నే టోపీ పెట్టుకుని బయటపడేవారు. గుమ్మం దాటాక వెనక్కి తిరిగి చూసే అలవాటు లేదు. మెట్ల మలుపులో ఆ టోపీ కనుమరుగయ్యేదాకా నిలబడటం ఆమె వంతు. సాయంత్రం మళ్ళీ వస్తారని తెలిసినా సరే, రోజూ అంతే.

బయట మేస్త్రి ఎదురయ్యాడు. అక్కడి పనంతా అతనొక్కడి చేతి మీదే. రోజూ పొద్దున్నే పెరట్లోకెళ్ళి బూటు మడమతో నేలను తన్ని చూస్తాడు. మడమ దిగితే పని. దిగకపోతే వసంతం దాకా సెలవు.

"ఎలా ఉంది మేస్త్రీ?"

"మెత్తగా దిగుతోందమ్మా. మీకంటే ముందు ఇంకొకాయన ఉన్నాడు. తర్వాత మీవారి వంతే."

"నీ మడమ బెణికితే బావుణ్ణు."

"మా ఆవిడా అదే అంటుంది. నేను ఇంటిపట్టున పడుంటానని!"

ఆమె నవ్వింది. కూతురు నవ్వలేదు.

ఆదివారం సాయంత్రం మరిదే ఫోన్ చేశాడు. అతనంతట అతను చేయడం అదే మొదలు.

"సుడి రెండు ముక్కలైంది వదినా. చలి దిగింది."

కుర్చీలోంచి దిగ్గున లేచింది. "దిగిందా!"

"ఇటు కాదు. ఒక ముక్క సముద్రం అవతలికి జారింది. రెండోది ఇంకా దూరం. అక్కడ నదులు కూడా బిగిసిపోయాయట. మనకి వానే."

"కాస్తయినా ఇటు మళ్ళదా? నేల పైపైన గట్టిపడినా చాలు."

"మళ్ళదు వదినా. నీకు ఆశ పెట్టకుండా ఉండాల్సింది."

"నువ్వేం చేస్తావులే. గాలి నీ మాట వింటుందా?"

ఫోన్ పెట్టేసి, బీరువాలోంచి ట్రామ్ టోపీ తీసింది. బ్రష్‌తో దుమ్ము దులిపింది. సంచిలో పెట్టుకుంది.

తెల్లవారింది. అవే చినుకులు. ఆమె గదిలోకెళ్ళి ఆయన పక్కన టోపీ పెట్టి, ఎప్పట్లాగే గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది. కూతురు వచ్చి చెయ్యి పట్టుకుంది. ఈసారి ఆమె విదిలించుకోలేదు.

మేస్త్రి మడమతో నేలను ఒకసారి తన్ని చూసి, పార అందుకుని, వారం కిందటే కన్నుమూసిన ఆ ట్రామ్ డ్రైవరు కోసం గొయ్యి తవ్వడం మొదలుపెట్టాడు.