అదే పాత తాళం

తెల్ల బండి వీధి మలుపు తిరగడం చూసి వెర్నీస్ గడ్డి కోసే మిషను ఆపింది. ఇల్లు చూడ్డానికి కౌంటీ ఆఫీసు మనిషి వస్తాడనే ఈ పూట పనికి సెలవు పెట్టింది. ముందు వాకిలి అయింది. పక్క సందు ఇంకా ఉంది.

"వస్తున్నాడు నీ పెళ్ళికొడుకు," అన్నాడు పక్కింటి అరుగు మీంచి ముసలి పర్నెల్. "జుట్టు సర్దుకో తల్లీ."

"మీరు నోరు సర్దుకోండి చాలు. నేనెవరంటే ఏం చెప్పాలో గుర్తుందిగా?"

"మా అక్క కూతురివి. మా అక్కకి ఇద్దరూ కొడుకులే. పైనుంచి చూసి నవ్వుకుంటూ ఉంటుంది."

గడ్డి కోస్తున్న ఆ ఖాళీ ఇంట్లోనే వెర్నీస్ ఒకప్పుడు ఇరవై ఏళ్ళకి పైగా ఉంది. కొడుకు నడక నేర్చింది అక్కడే. భర్త పోయింది అక్కడే. తర్వాత ఆసుపత్రి లాండ్రీలో ఆమెకి పనిగంటలు తగ్గాయి. ఇంటి అప్పు వాయిదా పెరిగింది. ఇల్లు జప్తు చేయాలని బ్యాంకు కేసు వేసిందని కోర్టు నుంచి మొదటి కాగితం వచ్చింది.

రెండో కాగితం దాకా ఆమె ఆగలేదు. ఎదురింటి ఓడమ్ వాళ్ళని షెరీఫ్ పోలీసులు ఖాళీ చేయించడం కళ్ళారా చూసింది. వాళ్ళ సోఫా, పరుపులు, పిల్లల ఫోటోలు రోడ్డు పక్కన వానలో నానాయి. దారినపోయేవాళ్ళు కార్లాపి ఏరుకున్నారు. తనకా గతి వద్దనుకుంది. ఇల్లంతా ఊడ్చింది. తడిగుడ్డ పెట్టింది. తాళంచెవి వంటింటి కిటికీ గట్టు మీద వదిలి, తలుపు లాగేసి వచ్చేసింది.

నన్నెవరూ గెంటలేదు. ఆ మాట చెప్పుకుంటూనే మూడు చలికాలాలు చెల్లెలి ఇంటి నేలమాళిగలో, హీటరు పక్కన పడుకుంది.

మొదట్లో ఏడుపొచ్చేది. ఇప్పుడు అదీ లేదు. ఆదివారాలు బస్సెక్కి వస్తుంది, పర్నెల్ మిషను తీసుకుని గడ్డి కోస్తుంది, పోతుంది. గడ్డి పెరిగితే ఇల్లు ఖాళీ అని దొంగలకి తెలిసిపోతుంది. ఎంత కోసినా రెండో ఏడు రాగి గొట్టాలు ఊడదీసుకుపోనే పోయారు. ఆ చలికాలమే వెనక కప్పు మంచుకి కుంగింది. ఆమె మాత్రం గడ్డి దాటి గుమ్మం మెట్టు ఎక్కలేదు. ఒకసారి పోలీసు కారాపి, "ఈ ఇల్లు నీదా?" అని అడిగాడు. "కాదండీ," అని మిషను పర్నెల్ వాకిట్లోకి తోసుకుపోయింది.

వీధిలో బ్యాంకుల చేతికి వెళ్ళిన ఇళ్ళన్నిటికీ తాళాలు మార్చారు. అమ్మకం బోర్డులు పాతారు. ఈ ఇంటికి అదే పాత ఇత్తడి తాళం. బోర్డుకి కూడా నోచుకోలేదని ఆమెకి లోలోపల చిన్నతనంగా ఉండేది.

ఆ ఖాళీ ఇళ్ళనే ఇప్పుడు కౌంటీ వాళ్ళు బ్యాంకుల దగ్గర చవగ్గా కొంటున్నారు. కప్పు వేయించి, గొట్టాలు బిగించి, ఆ చుట్టుపక్కల వాళ్ళకే అమ్ముతున్నారు. వెర్నీస్ కూడా పేరు రాయించుకుంది. కొనేవాళ్ళకి వాళ్ళు పెట్టే శనివారం క్లాసులకి వెళ్ళింది. ఇల్లు ఎలా చూసుకోవాలో ఓ చిన్నపిల్ల బొమ్మ గీసి చెబుతుంటే ముందు వరసలో కూర్చుని తలూపింది. టాలీ అన్న అత్తింటి పేరు మాత్రం దాచింది. పుట్టింటి పేరే చెప్పింది. ఒకసారి పోగొట్టుకున్నవాళ్ళకి మళ్ళీ ఇవ్వరేమోనని భయం.

బండి దిగినతని పేరు నోవోట్నీ. ఒంగి నడిచే మనిషి. వెనకవైపు విరిగిన తలుపులోంచి లోపలికి వెళ్ళాడు. చాలాసేపటికి టోపీ మీద బూజుతో బయటికొచ్చాడు.

"ఈ గడ్డి కోసేది మీరేనా అమ్మా?"

"మా మేనమామది పక్కిల్లు. చూస్తూ ఊరుకోలేక."

అరుగు మీద పర్నెల్ దగ్గాడు.

"పునాది రాయిలా ఉంది," అన్నాడు నోవోట్నీ. "గోడలూ అంతే. కప్పు, గొట్టాలు మాకు పెద్ద పని కాదు. ఇలాంటిది చేజిక్కితే వదలం."

"అయితే కొంటారా?"

నోవోట్నీ బండి దగ్గరికి వెళ్ళి రంగు డబ్బా తెచ్చాడు. ముందు తలుపు మీద ఈ మూల నుంచి ఆ మూలకి ఎర్రగా పెద్ద ఇంటూ గుర్తు కొట్టాడు.

"కప్పు కుంగిన ఇల్లు ప్రమాదమని వచ్చేవారం కూల్చేస్తారు. అమ్మాల్సిన మనిషి దొరకలేదు. దొరికితే కూల్చే పని ఉండేది కాదు."

రంగు బొట్టు ఒకటి తలుపు మీద జారి, ఇత్తడి తాళం దాకా వచ్చి ఆగింది. వెర్నీస్ దాన్నే చూస్తూ నిలబడింది. పక్క సందులో గడ్డి ఇంకా ఉందన్న సంగతి గుర్తొచ్చింది. మిషను పిడి పట్టుకుంది.

ఊరుకోలేకపోయాడు పర్నెల్.

"దొరకడమేంటయ్యా? ఊరి నడిబొడ్డున ఆకాశమంత భవనం కట్టుకుని కూర్చుంది కదా బ్యాంకు! వెళ్ళి అడగలేరూ?"

నోవోట్నీ జేబులోంచి దుమ్ము పట్టిన తాళంచెవి ఒకటి తీశాడు. వంటింటి కిటికీ దగ్గర దొరికిందని, ఇక దీంతో పని లేదంటూ వెర్నీస్ చేతిలో పెట్టాడు.

"బ్యాంకు ఆ కేసు ఖర్చు దండగని మూడేళ్ళ కిందటే వదిలేసుకుంది పెద్దాయనా, మేం వెతుకుతున్నది వెర్నీస్ టాలీ అనే ఆవిడ కోసం, ఈ ఇల్లు ఈనాటికీ ఆవిడదే."