నేను బాగుచేసిన మనిషి

డిప్రెషన్ మీద జరుగుతున్న ఒక పరిశోధనలో నా ఉద్యోగం ఫోన్లు చేయడం. చేరినవాళ్లకి వారానికోసారి ఫోన్ చేసి, కాగితం మీదున్న తొమ్మిది ప్రశ్నలు చదవాలి. ఈ వారంలో ఎన్ని రోజులు నిద్ర పట్టలేదు, ఎన్ని రోజులు ఏ పనీ చేయబుద్ధి కాలేదు, ఇలాంటివి. వాళ్లు చెప్పిన అంకె రాసుకుని ఫోన్ పెట్టేయాలి. ఓదార్చకూడదు, సొంత కబుర్లు చెప్పకూడదు. అది ప్రొఫెసర్ గారి మొదటి నియమం.

మొదటి ఫోన్‌లోనే దాన్ని గాలికొదిలేశాను.

తప్పు నాది కాదు, జాబితాలో ఇరవై ఏడో నంబరుది. డెబ్బై దాటిన పెద్దావిడ. అంకె చెప్పడానికి మహా మొహమాటం.

"ముందు నీ సంగతి చెప్పు బాబూ, తర్వాత నేను చెప్తా."

సరే, ఆవిడకి ధైర్యం రావాలని నావే చెప్పాను. నిద్ర లేనివి ఆరు రోజులు. తిండి సహించనివి ఐదు. మా ఆవిడ పోయి ఎనిమిది నెలలైంది కదా, ఈ విషయంలో నేను బాగా అనుభవం ఉన్నవాణ్ణి.

"నాకూ అంతే వేసుకో," అన్నారావిడ.

ఎంత సులువైన పేషెంటో!

నా జాబితాలో మిగతావాళ్లెవరూ బాగుపడేలా లేరు. ఈవిణ్ణయినా ఒడ్డున పడేయాలని పట్టుబట్టాను. వారం వారం ఆవిడకి ఏదో ఒక కోరిక.

"నాకు మోకాళ్ల నొప్పులు. పార్కులో పూలు పూశాయేమో చూసొచ్చి చెప్తావా?"

పాపం కదా అని వెళ్లాను. ఒకసారి మా ఇంటి కిటికీ తెరలు ఉతికించారు, గదిలోకి వెలుగెంత వస్తుందో తెలుసుకోవాలట. ఇంకోసారి, రెండేళ్లుగా మాటల్లేని మా తమ్ముడికి ఫోన్ చేయించారు, వాడేమన్నాడో వినాలనుందట. ఆవిడ సంతోషం కోసం అన్నీ చేశాను. నాది అంత జాలిగుండె.

పన్నెండో వారం. ఎప్పట్లాగే ముందు నావే చెప్పాను. నిద్ర లేనిది ఒక్క రోజు. మిగతావన్నీ సున్నాలు.

"నాకూ అంతే," అని నవ్వారావిడ.

ఫోన్ పెట్టేసి కళ్లు తుడుచుకున్నాను. నా చేతుల మీదుగా ఒక మనిషి బతికి బట్టకట్టింది! కాలరెగరేసుకుంటూ ప్రొఫెసర్ గదిలోకి వెళ్లాను.

"సార్, నియమం తప్పాను. ఉద్యోగంలోంచి తీసేసినా సరే. కానీ ఇరవై ఏడో నంబరు బాగుపడ్డారు. కేవలం నా మాటల వల్ల!"

కేకలేస్తారనుకున్నాను. ఆయన బీరువాలోంచి అసలు రిజిస్టరు తీసి నా ముందు పెట్టారు.

ఇరవై ఏడో నంబరు మీద మొదటి వారం తేదీతో అడ్డగీత, దాని పక్కన ప్రొఫెసర్ చేతిరాతలో ఆవిడ మాటలు: "మా కోడలి పోరు పడలేక చేరాను గానీ నాకే జబ్బూ లేదు, నన్ను తీసేయండి, ఆ ఫోన్ చేసే అబ్బాయికి మాత్రం చెప్పకండి, వారం వారం నాకు చేస్తూనే ఉండనివ్వండి, పాపం అతని పరిస్థితి అస్సలు బాగాలేదు."