మనిషి అక్కర్లేని బండి

"ఈ ఒక్క పూట నోరు మెదపకండి దేవరాజులు గారూ. మీకు దణ్ణం పెడతాను," అన్నాడు శ్రీనివాసరావు.

దేవరాజులు నవ్వాడు. ఆ నవ్వులో మర్యాద లేదు.

"నేనెందుకు మాట్టాడతా సార్? మాట్టాడేదానికి మీ మిషను ఉండాదే. దానికి తెలీందేముంది?"

శ్రీనివాసరావు కోపాన్ని మింగేశాడు. ఇంకో పావుగంటలో యూరప్ నుంచి వచ్చిన రైల్వే పరిశోధకులు తరమణిలోని ఆ ఆఫీసులో అడుగు పెడతారు. డ్రైవరు లేకుండా తనంతట తానే నడిచే రైలు ఎంతవరకు వచ్చిందో కళ్లారా చూస్తారు. నిజం రైలు కాదు. కంప్యూటరు తెర మీద వాళ్ల దేశపు పట్టాలు, వాళ్ల సిగ్నళ్లు, వాళ్ల మంచు. నడిపే తెలివి మాత్రం చెన్నైలో తయారైంది. ఆ తెలివి తయారుచేసిన కంపెనీకి పెద్ద శ్రీనివాసరావే.

దేవరాజులు ముప్పై నాలుగేళ్లు రైలింజను నడిపి రిటైరైన మనిషి. సలహాదారు అని పేరు పెట్టి ఆర్నెల్ల కిందట పిలిపించారు. అప్పట్నుంచి తొండియార్‌పేటలో బస్సెక్కి, మధ్యలో ఇంకోటి మారి రోజూ వస్తున్నాడు. సలహాలు చెప్పాడు. ఎవరూ వినలేదు. రైలెక్కితే కిటికీ సీటు కోసం పోట్లాడటం తప్ప ఇంకేమీ తెలియని పిల్లలు ఆయనకు బ్రేకు ఎలా వెయ్యాలో బోర్డు మీద గీసి చూపించారు.

వాళ్ల మిషను మాత్రం గాలికి ఎగిరొచ్చిన ప్లాస్టిక్ కవరుకు భయపడి సడన్ బ్రేకు వేసింది. వంతెన నీడను గోడ అనుకుని నిలబడిపోయింది. మొన్న శనివారమైతే ఏమీ లేని చోట పదకొండు నిమిషాలు కదల్లేదు.

"మొక్కుబడి ఏదో ఉన్నట్టుండాది పాపా. తీర్చుకోనీ," అన్నాడు అప్పుడు పక్కనున్న సునయనతో.

సునయన ఆ ఆఫీసులో చిన్న ఇంజనీరు. ఆమె నవ్వలేదు. "ఈ ప్రాజెక్టు పోతే అరవైమందిమి రోడ్డు మీద పడతాం సార్," అంది.

ఆ మాటకు దేవరాజులు తెర వైపు తిరిగి, ఆగిపోయిన బండిని తేరిపార చూశాడు.

అతిథులు లిఫ్టు ఎక్కారని కబురు రాగానే ఆయన్ని వెనక చిన్న గదిలోకి పంపేశారు. హాల్లో గోడంత తెర. ఈ గదిలో అదే దృశ్యం చూపించే చిన్న తెర. హాల్లో మాటలు స్పీకర్లో వినిపిస్తున్నాయి. సునయన తలుపుకు వీపు ఆనించి నిలబడింది.

"ఇక చూడండి మేడమ్," శ్రీనివాసరావు గొంతు గర్వంగా పలికింది. "ఇందులో మనిషి ప్రమేయం ఎక్కడా ఉండదు."

"ఉండదంట!" దేవరాజులు మూతి విరిచాడు.

తెర మీద బండి కదిలింది. కుదుపు లేదు.

కొండ మలుపు వచ్చింది. ఇక్కడ తగ్గాల, అనుకున్నాడు దేవరాజులు. తగ్గింది. మలుపు దాటాక అడవి. తడిసిన పట్టాల మీద ఆకులు రాలి ఉన్నాయి. అలాంటి చోట బ్రేకు గట్టిగా పడితే చక్రాలు జారిపోతాయి. బండి చాలా ముందు నుంచే, పసిబిడ్డను పడుకోబెడుతున్నట్టు, మెల్లమెల్లగా వేగం తగ్గించుకుంది.

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి.

"ఇదంతా ఎలా నేర్చుకుంది?" పరిశోధకుల బృందానికి పెద్ద అయిన తెల్లజుట్టు దొరసాని అడిగింది.

"రెండు లక్షల గంటల డేటా మేడమ్."

"డేటా అంట డేటా! సుమ్మా, ఊరికే వాగతాండాడు," గొణిగాడు దేవరాజులు.

సునయన పెదాల మీద వేలు పెట్టుకుంది. "నీళ్లు తాగుతారా సార్?" అంది మెల్లగా. ఆయన తెర మీద నుంచి చూపు తిప్పకుండానే తల అడ్డంగా ఊపాడు. ఏసీ గదిలో కూడా ఆయన నుదుటి మీద చెమట పట్టింది.

"నేనొక పరీక్ష తెచ్చాను," అంది దొరసాని. "మీకెవరికీ ముందుగా చెప్పలేదు."

తెరంతా పొగమంచు కమ్మేసింది. దూరంగా, పట్టాల పక్కన, పసుపు కోటు వేసుకున్న పనివాడొకడు బండికి వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. దారికి అడ్డం లేడు. సిగ్నలు పచ్చగానే ఉంది.

ఒకప్పుడు కొరుక్కుపేట దగ్గర ఇలాగే వీపు పెట్టి నిలబడిన గ్యాంగ్‌మన్ దేవరాజులుకు గుర్తొచ్చాడు. అతను పక్కకే ఉన్నాడు గదా అని ఆ రోజు ఎవరూ బ్రేకు వెయ్యలేదు.

హారన్ మోగింది. ఒకసారి కాదు, వరసగా. బండి బ్రేకులు బిగించుకుని ఆగసాగింది.

"అతను పట్టాల మీద లేడు కదా! ఎందుకు ఆగుతోంది?" దొరసాని అంటుండగానే పసుపు కోటు మనిషి వెనక్కి రెండడుగులు వేసి పట్టాల నడుమకు వచ్చేశాడు.

బండి అతనికి నాలుగు గజాల దూరంలో నిలిచిపోయింది.

హాల్లో కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడు. అందరూ లేచి నిలబడ్డారు.

"నా పాతికేళ్ల ఉద్యోగంలో ఇలాంటిది చూడలేదు," అంది దొరసాని. "మా డ్రైవర్లలో సగం మంది అతన్ని చంపేసి ఉండేవాళ్లు. మిస్టర్ రావ్, ఇక తెర చాలు. వచ్చే ఏప్రిల్లో మా దేశంలో, నిజమైన పట్టాల మీద, నిజమైన ప్రయాణికులతో నడుపుదాం. ఇంజన్లో మనిషి అక్కర్లేదు."

చప్పట్లు మిన్నుముట్టాయి. శ్రీనివాసరావు థాంక్యూ మీద థాంక్యూ చెబుతున్నాడు. తలుపు దగ్గర సునయన ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

గోడకు ఇవతల దేవరాజులు, గంటసేపుగా ఆ బండిని నడిపిన బ్రేకు పిడిని వదిలేసి, తిమ్మిరెక్కిన చేతిని విదిలించుకున్నాడు.