రాత్రి పాళీ ఫోటో

సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయినప్పటి నుంచి ఈరేశ్ స్టూడియోలో ప్రింటర్‌కు తిక్క పట్టింది. చనిపోయిన నరసప్ప స్క్రీన్ మీద కుర్చీలో కూర్చుని కళ్లు తెరిచే ఉన్నాడు. కాగితం మీద మాత్రం కళ్లు మూసుకుని వస్తున్నాడు. రేపే ఏడాది తిథి. ఆ ఫోటోకే మాల వెయ్యాలి.

"ప్రింటర్ డ్రైవర్ తీసి మళ్లా ఎక్కించినా అంతేనక్కా," అన్నాడు ఈరేశ్.

నరసప్ప భార్య సంజీవమ్మ నవ్వింది. "సోలార్ ప్లేట్ల కాడ రాత్రి కాపలా గదప్పా. పగలు నిద్రపోతాడు. పొద్దు గూకినాక ప్రింటు తియ్యి."

ఏడు దాటాక తీశాడు. కాగితం మీద ఖాళీ కుర్చీ వచ్చింది.

"ఆలస్యం చేసినామప్పా. డ్యూటీకి పోయినాడు."

బయట, ప్లేట్ల వరుసల్లో ఎక్కడో కాపలావాడి విజిల్ మోగింది.

"పొద్దున ఆరుకు డ్యూటీ దిగుతాడు. పండుకోకముందే తీద్దువు," అంది సంజీవమ్మ. "స్టూడియో తలుపు మాత్రం వెయ్యొద్దప్పా."