డిష్‌వాషర్ గొళ్లెం

డిష్‌వాషర్ తలుపు టక్కున పడింది. ముసలి మెకానిక్ ముఖం వెలిగిపోయింది.

"విన్నావా తల్లీ ఆ చప్పుడు! ఈ గొళ్లెం కోసం మూడు పాత సామాన్ల కొట్లు గాలించాను. ఇక బయట మీట నొక్కితే తప్ప ఏనుగు గుంజినా తలుపు రాదు."

"అచ్చం కొత్తదే!" అని మురిసిపోయింది మనవరాలు. "అమ్మమ్మకి చెప్పకుండా బాగు చేయించాను. ఎంత ఇష్టం లేకపోతే ఇన్నేళ్లు కొట్టుగదిలో దుప్పటి కప్పి దాచుకుంటుంది?"

ఆ టక్కుమన్న చప్పుడికే అమ్మమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. గోడ పట్టుకుని నిలబడింది.

"ఆ గొళ్లెం ఎవరు పెట్టారు?"

"నేనేనమ్మా. పాతది విరిగిపోయి ఉంటేనూ..."

"విరగలేదు నాయనా. మా ఆయనే సుత్తితో విరగ్గొట్టాడు."

"తాతయ్యా? ఎందుకే?" మనవరాలు నవ్వింది. "గిన్నెలు సరిగ్గా తోమలేదనా?"

"మీ మేనమామ దాగుడుమూతలాడుతూ అందులో దూరాడు. మేం వీధులన్నీ వెతికాం. వాడు వంటింట్లోనే ఉన్నాడు."

"నాకు మేనమామేంటి? అమ్మ ఒక్కతే కదా!"

"ఆ రోజు నుంచే ఒక్కతి."

మెకానిక్ గబగబా స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. "తీసేస్తానమ్మా. ఇప్పుడే తీసేస్తాను."

ఆమె ఆ మాట విన్నట్టు లేదు. తలుపు తెరిచి, లోపలి రేకును అరచేత్తో తడమసాగింది. పైనుంచి కిందికి, మళ్లీ కిందినుంచి పైకి.

"వాడి చేతిలో చెంచా ఉండేది. ఇక్కడ గీతలుండాలే?"

మెకానిక్ స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాడు. గొళ్లెమంటే ఊడదీయగలడు. ఆ గీతల్ని రెండు రోజులు ఒళ్లు దాచుకోకుండా అరగదీసింది తనే.