టెస్ట్ ప్లేటు

"బావా, నన్ను జహాజు అడుగుభాగం వెల్డింగుకు ఏసిండ్రు," అన్నాడు గజేందర్.

హన్మాండ్లు టీ కప్పు కింద పెట్టాడు. నౌకాదళానికి మరో రెండు ఓడలు కట్టే ఆర్డరు రావడంతో, దోహా దగ్గర హన్మాండ్లు పనిచేసే ఓడల యార్డు కొత్తగా రెండు వందల మంది వెల్డర్లను తీసుకుంటోంది. పోయిన వారం పరీక్షలో గజేందర్ బదులు కూర్చుని, రెండు ఇనుప పలకలను కలిపి టెస్ట్ ప్లేటు అతికింది హన్మాండ్లే. మొహానికి షీల్డు దించుకుంటే ఎవరు ఎవరో తెలియదు.

"నీకు రెయిలింగుల పని ఇస్తరనుకున్న గదరా," అన్నాడు హన్మాండ్లు.

"గేట్లు, గ్రిల్లులు చేసుకునేటోని పేరు మీద అంత మంచిగెందుకు చేసినవ్? ఎట్లనో పాసైతే సాలుగద! నీ ప్లేటును గోడకు పెట్టి, 'గజేందర్ లెక్క చెయ్యుండ్రి, యల్లా, జల్ది' అంటున్నడు ఫోర్‌మన్."

ఆ మాట హన్మాండ్లుకు తియ్యగా తగిలింది. పన్నెండేళ్ళలో అతని పనిని ఎవరూ గోడకు పెట్టలేదు. ఆ తీపికి తనే ఉలిక్కిపడ్డాడు. ఆ రోజు షీల్డు వెనక తనకు బామ్మర్ది గుర్తే లేడు.

"నా అతుకు మీద మనుషులు సముద్రంల పోతరు బావా. నాతోని గాదు. పోయి చెప్పేస్త. నీ పేరు రానియ్య."

"మరి ఎవరు చేసిండ్రంటవ్?"

"ఎవడో చేసిండని చెప్త."

హన్మాండ్లు లేచాడు. "ఎవడో కాదు. నడువ్, నేనొస్త."

"ఇద్దర్నీ ఇంటికి పంపుతరు బావా!"

ఫోర్‌మన్ గదికి నడుస్తున్నంతసేపూ, సముద్రంలోకి వెళ్ళే ఆ మనుషుల కోసం వెళ్తున్నాడో, ఆ ప్లేటు తనదని చెప్పుకోవడానికి వెళ్తున్నాడో హన్మాండ్లు తేల్చుకోలేకపోయాడు.